కారని పులి

బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ నెల్లాళ్ళూ ఊళ్ళో మనుషులకంటే వేషాలే ఎక్కువ తిరుగుతుంటాయి. జ్వరం తగ్గితే వేషం కడతామని, కడుపు పండితే వేషం కడతామని అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళంతా ఆ మొక్కు తీర్చుకునేది అప్పుడే. ఒడియావాళ్ళు దాన్ని మానసిక అంటారు. తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళకీ అదే మాట అలవాటైపోయింది. కృష్ణులూ శివుళ్ళూ ఎందరున్నా పులి వేషం దారి వేరు. ఒళ్ళంతా పసుపుపచ్చ, దానిమీద నల్లచారలు, వెనక తోక, ముందు డప్పులు. ఆ పులుల్లో మళ్ళీ హల్దియాపదర్ పేట కాసులు పూసిన పులి దారి ఇంకా వేరు.

ఎందుకు వేరని ఎవరినడిగినా చెప్పేవారు. కాసులు పులి కారదు. చైత్రమాసపు ఎండలో వీధులన్నీ చిందేసుకుంటూ గుడి దగ్గరికి వచ్చేసరికి మిగతా పులుల చారలన్నీ చెమటకి కలిసిపోయి, అవి బురదలో పడిలేచిన పిల్లుల్లా తయారయ్యేవి. కాసులు పులి మాత్రం పొద్దున్న ఎలా బయల్దేరిందో అలాగే ఉండేది. రానురాను జనంలో ఒక మాట పుట్టింది. కారిన పులి మొక్కు అమ్మ ఒల్లదు అని. ఏ శాస్త్రంలోనూ ఈ మాట లేదు. ఏ పూజారీ చెప్పలేదు. కాసులూ చెప్పలేదు. కాదని మాత్రం ఎన్నడూ అనలేదు. తన పనితనం శాస్త్రమై కూర్చుంటుంటే కాదనే మొనగాణ్ణి నేనైతే చూడలేదు.

కాసులుది గోపాలపురం పక్క జాలరి కుటుంబం. తండ్రి వేటకెళ్ళేవాడు. కాసులు పడవెక్కితే చాలు, కడుపులోది నోట్లోకి వచ్చేది. సముద్రం పడని జాలరి పిల్లాణ్ణి ఏం చేసుకోవాలో తెలియక తండ్రి ఒడ్డున పడవలకు రంగులేసేవాడి దగ్గర పెట్టాడు. అక్కడ పడవ ముక్కుకి కళ్ళు దిద్దడం, పేర్లు రాయడం నేర్చాడు. అన్నిటికీ మించి ఉప్పునీటికి ఆగే పసుపురంగు తయారుచెయ్యడం నేర్చాడు. బజారులో దొరికే రంగుపొడిని అవిసెనూనె పోసి బండమీద గంటల తరబడి నూరాలి. పడవకి ఆగిన రంగు ఒంటికి ఆగదా అనుకుని ఒక యాత్రలో మేనల్లుడి ఒంటికి పూసి చూశాడు. ఆగింది. వదిలించడానికి కిరసనాయిలు పెట్టి రుద్దాల్సి వచ్చింది, పిల్లాడు కళ్ళు మండి ఏడ్చాడు. అయినా పేరొచ్చింది. పెళ్ళయ్యాక బరంపురం వచ్చేసి హల్దియాపదర్‌లో స్థిరపడ్డాడు. యాత్ర లేని రోజుల్లో రిక్షాలకీ బోర్డులకీ అదే రంగు నూరి వేసేవాడు. ఒడియాలో హల్దియా అంటే పసుపుపచ్చ కదా, పేటకి నీవల్లే ఆ పేరొచ్చిందిరా అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

పొడి ఇచ్చేది పెద్దబజారు వైకుంఠరావు. ఒకసారి కాసులు వెళితే ఆయన పొడికి బదులు డబ్బా చేతిలో పెట్టాడు.

"ఇంక ఇదే వాడాల. ఇళ్ళకేసే రంగుల్లో సీసం ఉండకూడదని సర్కారు రూలు పెట్టింది. పదిలక్షల పాళ్ళ రంగులో తొంబై పాళ్ళు దాటకూడదంట. దాటితే సెయ్యకూడదు, అమ్మకూడదు."

"రంగులో సీసమేటి బావూ?" అన్నాడు కాసులు నవ్వుతూ. సీసమంటే అతనికి వల అంచున కట్టే గుళ్ళే. వాళ్ళ నాన్న ఆ గుళ్ళని పళ్ళతో కొరికి తాడుకి బిగించేవాడు. వల ముంచే బరువైన లోహం వేరు, ఊదితే ఎగిరే పచ్చటి పొడి వేరు. "ఉంటే మాత్రం ఏటౌద్ది? మా నాన్న జన్మంతా కొరికినాడు."

కొత్త డబ్బాతో ఆ యాత్రలో పులులు పూశాడు. కారాయి. ఒక తల్లి కొడుకుని గుడి దాకా తీసుకెళ్ళి, చారలు కరిగిపోయాయని దర్శనం చెయ్యకుండానే వెనక్కి తెచ్చేసి, కాసులు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అమ్మ ఒల్లలేదు, ఇప్పుడు నా బిడ్డకేమవుతుందో అని. కాసులుకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే వైకుంఠరావు దగ్గరికి వెళ్ళి పాత పొడే కావాలన్నాడు. ఆయన కాస్త తటపటాయించి లోపల్నుంచి ఒక సంచీ తెప్పించాడు.

"ఇది ఇండస్ట్రియల్ మాలు. ఇనుముకి, యంత్రాలకి ఏసేది. ఇంటికేసేది కాదు. అందుకే ఆ రూలు దీన్ని పట్టదు."

ఆ మాటని కాసులు తనకి కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. ఇనుముకి ఆగేదంటే మరీ గట్టిదన్నమాట. ఇంటిరంగు నీరసం రంగు, ఇది బలమైన రంగు. తరవాతి యాత్ర కరోనాతో పోయింది గాని, ఆ పై యాత్రలో కాసులు పులి మళ్ళీ కారలేదు. పోయిన పేరు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పొడి సరిగ్గా నలిగిందో లేదో పడవల దగ్గర చూసేది కంటితో కాదు, వేలితో కూడా కాదు. చిటికెన వేలి కొసన కాస్త తీసుకుని ముందుపళ్ళ మధ్య పెట్టి నొక్కాలి. కరకరలాడితే ఇంకా నూరాలి. వెన్నలా జారితే చాలు. తుపుక్కున ఉమ్మేసి పని కానివ్వాలి. కాసులు గురువు అలాగే చేశాడు, కాసులూ అలాగే చేశాడు. అరవై దాటాక అతని ముందుపళ్ళు ఊడిపోయాయి. చిగుళ్ళకి పొడి నునుపు తెలియదు.

ఇంట్లో పళ్ళున్నది మనవరాలు రింకికి. కాసులు కొడుకు సంతోష్ సూరత్ మిల్లులో పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. కోడలు స్మిత ఒక బట్టల దుకాణంలో అమ్మకానికి వెళ్తుంది, భార్య జగ్గమ్మ బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది. పగలంతా రింకి తాత దగ్గరే. తాత నూరుతుంటే బండ పక్కనే కూర్చునేది. "ఏదీ, సూసి సెప్పవే మేస్త్రమ్మా" అని తాత వేలికొసన పచ్చటి రంగు అందిస్తే, పాలపళ్ళతో నొక్కి, కళ్ళు మూసుకుని, పెద్దరికంగా "ఇంకా నూరాల తాతా" అనేది. కాసులు మురిసిపోయేవాడు. ఉమ్మెయ్యమనేవాడు. పిల్ల ఒక్కోసారి ఉమ్మేది, ఒక్కోసారి మింగేది. తియ్యగా ఉందనేది.

రింకి బళ్ళో చేరిన ఏడు కడుపునొప్పి మొదలైంది. ముందు నులిపురుగులన్నారు. తరవాత రక్తం తక్కువన్నారు. టానిక్కులు తాగింది, తాయెత్తు కట్టించుకుంది. ముఖం పాలిపోయింది. మునుపు గలగలా చెప్పిన అక్షరాలు మరిచిపోసాగింది. చిన్నమాటకే విసుక్కుని మూల కూర్చునేది. స్మిత ఒకనాడు గుడికెళ్ళి, నా బిడ్డ తేరుకుంటే ఈ యాత్రకి పులి వేషం కట్టిస్తాను తల్లీ, మా మావ చేత్తోనే పూయిస్తాను అని మొక్కుకుని వచ్చింది.

"ఆడగుంటకి పులేసమేటే?" అంది జగ్గమ్మ.

"అమ్మోరు మాత్రం ఆడది కాదేటి అత్తా?" అంది స్మిత.

చివరికి డాక్టర్ మోహనకృష్ణ రక్తం తీసి బయటి ఊరికి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చిన రోజున స్మితతోపాటు కాసులూ వెళ్ళాడు. లోపల కుర్చీ ఒక్కటే ఉంటే కోడల్ని కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పాప రక్తంలో సీసం ఉందమ్మా" అన్నాడు డాక్టరు. "చాలా ఎక్కువగా ఉంది. అసలు ఒంట్లో ఒక్క రవ్వైనా ఉండకూడనిది. కడుపునొప్పి దానివల్లే, రక్తం తగ్గడం దానివల్లే, మతిమరుపూ దానివల్లే. మీ ఇంట్లో ఎవరు ఏం పనిచేస్తారు?"

"మా మావ రంగులు నూర్తారు బాబూ."

"ఆ పొడి పాప నోట్లో పెట్టుకోవడం ఎప్పుడైనా చూశారా?"

"నేదు బాబూ. మా మావ ఆ గుంటని కంటికి రెప్పలా సూసుకుంటారు."

డాక్టరు తలెత్తి గుమ్మం వైపు చూశాడు. కాసులు కిందికి చూశాడు. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. కంచే చేను మేసిందని కంచె నోటితో ఎలా చెప్పడం? డాక్టరు మందు రాశాడు. మందుకంటే ముందు పిల్ల ఆ ఇల్లు వదలాలన్నాడు. ఒంట్లోంచి కొంత దిగుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం నెమ్మదిగానే వస్తుంది, చదువు ఎంతవరకు తిరిగొస్తుందో తాను మాటివ్వలేనన్నాడు. స్మిత ఆ వారమే పిల్లని తీసుకుని రంభ అనే ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

కాసులు రంగు సంచీ మూతి బిగించి పెరట్లో మూలకి నెట్టాడు. బండ కడిగాడు. కడిగిన నీళ్ళు పచ్చగా పారుతుంటే చూసి మళ్ళీ కడిగాడు. అన్నం సయించలేదు. నాలుగు రోజులు అలా గడిపాక అతనికి కోపం పుట్టింది. దోషి తనేనని తెలిస్తే మనిషికి ముందు వచ్చేది ఇంకొకరిమీద కోపమే. రూలుందని చెప్పి, రూలు పట్టని సంచీ అంటగట్టిన వైకుంఠరావుని కోర్టుకి లాగాలనుకున్నాడు. ఛత్రపూర్ కోర్టులో హేమచంద్ర అని ఒక వకీలు గుమాస్తా ఉన్నాడు. అతని కొడుకులిద్దరికీ చిన్నప్పుడు కాసులే పులులు పూశాడు. అతని దగ్గరికి వెళ్ళాడు.

హేమచంద్ర అంతా విన్నాడు. ఎవరికో ఫోన్ చేసి అడిగి, టీ తెప్పించి, తీరుబడిగా చెప్పాడు.

"రూలున్నమాట నిజమే. ఇంటికేసే రంగులు, అలంకారానికేసే రంగులు, వాటికే అది. గోడకుంది, తలుపుకుంది, కిటికీకుంది. ఇనుముకేసే మాలుకి ఆ రూలు లేదు. వైకుంఠరావు ఇనుముకేసేదని సెప్పే అమ్మినాడు. సెప్పినాడా లేదా?"

"సెప్పినాడు."

"మరి?"

"ఒంటికి నేదా రూలు?"

"పౌడరుకి, కాటుక్కి వేరే సట్టం ఉంది. నీ సంచీని ఎవరూ పౌడరని అమ్మడం లేదు కదా కాసులూ." హేమచంద్ర గ్లాసు కింద పెట్టాడు. అతను కఠినుడు కాడు. తరవాతి మాట మెల్లగానే అన్నాడు. "రూలు రాసినోళ్ళు గోడని గీకి నోట్లో పెట్టుకునే పిల్లల గురించి ఆలోసించినారు. పిల్లనే గోడ సేసేవోడు ఒకడుంటాడని ఎవరనుకుంటారు?"

కాసులు లేచి దండం పెట్టి బయటికొచ్చాడు. బరంపురం బస్సు ఎక్కవలసినవాడు రంభ బస్సు ఎక్కాడు.

స్మిత వాళ్ళ ఇల్లు చిలికా ఒడ్డునే ఉంది. రింకి పక్కింటి పిల్లలతో ఆడుకుంటోంది. తాతని చూసి పరుగెత్తుకొచ్చింది గాని, కాసులు దగ్గరికి తీసుకోలేదు. స్నానం చెయ్యలేదే, దుమ్ముందే అని ఏదో చెప్పి పంపేశాడు. తరవాత అరుగుమీద కూర్చుని కోడలికి అంతా చెప్పాడు. పళ్ళ సంగతి, వేలి సంగతి, మేస్త్రమ్మ అని పిలవడం, ఏదీ దాచలేదు.

స్మిత ఆడుకుంటున్న కూతురి వైపు చూసింది.

"డాక్టరుబాబు అడిగినప్పుడు మీరక్కడే నిలబడ్డారు మావా."

"నిలబడ్డాను."

"నానేటన్నాను? కంటికి రెప్పన్నాను."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇక రాదనే కాసులు అనుకున్నాడు. కాసేపటికి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టింది. చేతికివ్వలేదు.

"మొక్కు మొక్కే. సైత్రంలో గుంటని తెస్తాను. నానే పూస్తాను, వంటపసుపుతో. మీరు ముట్టుకోకండి."

"అలాగేనమ్మా" అన్నాడు కాసులు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాడు.

యాత్ర వచ్చింది. ఎప్పట్లాగే పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు కాసులు గుమ్మంలోకి వచ్చారు. పుయ్యనన్నాడు. ఎందుకంటే, ఆ రంగు విషమమ్మా అన్నాడు. పోయిన యాత్రదాకా లేని విషం ఇప్పుడెలా వచ్చిందని వాళ్ళడిగారు. ముసలాడికి చెయ్యి వణుకుతోంది, ఆ మాట చెప్పుకోలేక రంగుమీద పెడుతున్నాడని వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని, రెండు సందుల అవతల పింటు దగ్గరికి వెళ్ళారు. పింటు కాసులు దగ్గరే పని నేర్చుకున్నవాడు. కాసులు వెళ్ళి అతన్ని బతిమాలాడు.

"మీరు పూసినన్నాళ్ళూ పసుపు, నాను పూస్తే ఇసమా గురువుగారూ?" అన్నాడు పింటు. అతని పక్కన అదే సంచీ, అదే దుకాణానిది.

ఇంట్లో జగ్గమ్మ సాధింపు మరో రకం. "కారిన పులి మొక్కు అమ్మ ఒల్లదు. ఊరంతటికీ కారని పులులు పూసి, ఇంటి గుంటకి పసుపు పూసి తోలేస్తారా? దానికేదైనా ఐతే?"

"ఆ మాట అమ్మ సెప్పనేదే జగ్గీ. నా రంగు సెప్పింది." అనేసి కాసులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రంగు మనవరాలి నోట్లో పెట్టింది తన మొగుడేనన్న మాట అప్పటికి ఆమెకి తెలుసు. అయినా ఆమెకి అమ్మవారంటేనే ఎక్కువ భయం. తప్పు పట్టడానికి లేదు. మొక్కు తీరకపోతే పిల్లకేమవుతుందో ఆమె కళ్ళారా చూసినట్టే నమ్మింది.

మొక్కు రోజున స్మిత రింకిని గుడి దగ్గర తన పిన్నమ్మ ఇంట్లో తయారుచేసింది. పసుపు, బియ్యప్పిండి, దీపపు మసి, కొబ్బరినూనె. ఎప్పుడూ కుంచె పట్టని చెయ్యి. ఒక చార లావు, ఒక చార సన్నం. ఓ చెవి నల్లగా, ఓ చెవి పచ్చగా వచ్చాయి. పులికంటే పండిన గుమ్మడికాయకే దగ్గరగా ఉంది పిల్ల. రింకికి అవేమీ పట్టలేదు. మందులతో కాస్త తేరుకుంది, చాన్నాళ్ళకి మళ్ళీ ఆటలో పడింది. తోక ఊపుకుంటూ డప్పుల వెనక బయల్దేరింది. కాసులు వీధికి అవతలి పక్కన, కోడలి కంటికి కనబడేంత దూరంలో, ముట్టుకోడానికి అందనంత దూరంలో నడిచాడు.

మొదటి మలుపు దాటేసరికి పసుపు మెడమీంచి జారింది. రెండో వీధిలో చారలు పొట్టమీద కలిసిపోయాయి. గుడి కనబడేసరికి పులిలోంచి సగానికి పైగా పిల్ల బయటపడింది. జనం చూశారు.

"ఎవరి పులే ఇది? ఇలాగ కారిపోతంది?"

"పాపం. మొక్కు సెల్లదు."

స్మిత నడక ఆగిపోయింది. బిడ్డ ఒంటిమీద కొంగు కప్పబోయింది. కప్పి వెనక్కి తిప్పేస్తుందేమోనని కాసులుకి భయమేసింది. ఏడుస్తూ వెనక్కి తిరిగిన తల్లిని అతను ఇంతకుముందే చూసి ఉన్నాడు. వీధి దాటి వచ్చి జనానికీ పిల్లకీ మధ్య నిలబడ్డాడు.

"నాదే ఈ పులి. కాసులు పులి" అన్నాడు. గొంతు పెద్దగా లేదు గాని అందరికీ వినబడింది. "నా మనవరాలు. కారని రంగులో సీసం ఉంది. ఆ రంగు ఈ గుంటకి తినిపించింది నానే. అందుకే పసుపు పూసినాం. కారనీండి."

ఒకరిద్దరు తలలు తిప్పుకున్నారు. ఎవరో నవ్వారు. ముసలాడికి మతి పోయిందన్నారెవరో. స్మిత కప్పబోయిన కొంగు వెనక్కి తీసుకుంది. మామ మొహంలోకి చూడలేదు గాని, రింకి చెయ్యి పట్టుకుని ముందుకే నడిచింది. కారిపోయిన పులి గుడిలోకి వెళ్ళింది.

కాసులు బయటే ఉండిపోయాడు. వరసలో తరవాతి పులి వచ్చి అతని పక్కన ఆగింది. పింటు పూసింది. నాలుగేళ్ళ పిల్లాడు. ఎండలో మెరిసిపోతున్నాడు, ఒక్క చార చెదరలేదు. దాహమేసిందని తల్లి ఐసుపుల్ల కొనిచ్చింది. చప్పరిస్తున్నాడు. పెదాల చుట్టూ పులి మూతి దిద్ది ఉంది. తెల్లటి ఐసు పచ్చబడుతోంది.

"అమ్మా, ముందా మూతి తుడువు" అన్నాడు కాసులు.

ఆమె అతన్ని గుర్తుపట్టింది. ఇందాకటి మాటలు ఆమె వినలేదు, అప్పుడే వచ్చింది. "రంగు పోతాది కదా బాబూ. పోతే మొక్కు సెల్లదు. కాసులు గారు కదా మీరు, మీకు నాను సెప్పాలా?"

కాసులు భుజంమీది తువ్వాలు తీసి, పక్కనున్న కుళాయి కింద తడిపి, ఆ పిల్లాడి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. "ఇలా తే నాయినా మూతి" అన్నాడు.

తల్లి పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది.